ప్రదర్శన మూయనన్నందుకు.. డీన్‌పై వేటు

తెలంగాణ పల్లె మనుషులను గీతల్లో పట్టుకున్న లక్ష్మాగౌడ్ 1960లలో చదువుకున్నది వడోదరలో. తోట వైకుంఠం కె.జి.సుబ్రమణ్యన్ దగ్గర పాఠాలు నేర్చుకున్నదీ అక్కడే. మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో 1950లో మొదలైన లలిత కళల ఫ్యాకల్టీ అంటే మనవాళ్లకు అంత గురి. సూరత్‌లో మరమగ్గాల వెంట స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకైతే ఆ ఊరు దాదాపు పక్కూరే. రైలెక్కితే రెండు గంటలు.

అలా వడోదర చేరినవాడే వరంగల్ ప్రాంతం కుర్రాడు చంద్రమోహన్. 2007లో ఎం.ఏ. ప్రింట్‌మేకింగ్ చివరి పరీక్ష రాస్తున్నాడు. కళల చదువులో పరీక్ష అంటే కాగితం మీద రాసేది కాదు. ఏడాదంతా చేసిన పని గోడకు తగిలిస్తే పరీక్షకులు వచ్చి చూసి మార్కులు వేస్తారు. ఒక్క మాటలో చెప్పాలంటే అది జవాబుపత్రం. ఊరందరికీ టిక్కెట్టు పెట్టి చూపే ప్రదర్శన కాదు.

మే 9న బయటివాళ్లు ఆ గదిలోకి చొరబడ్డారు. హిందూ సంస్థల కార్యకర్తలు వాళ్లు. దేవత బొమ్మను, క్రీస్తు బొమ్మను అసభ్యంగా గీశాడని గొడవ. చర్చి వైపు నుంచీ అభ్యంతరం వచ్చింది. పోలీసులు కుర్రాణ్ని పట్టుకుపోయారు. ఆ బొమ్మలు చూసి నొచ్చుకున్నవాళ్లు ఉంటారు, కాదనలేం. కానీ పరీక్ష గదిలోకి దూరి దిద్దే పని వాళ్లదేనా? అధ్యాపకుల ప్రశ్న అక్కడే మొదలైంది. చొరబడ్డవాళ్ల మీద విశ్వవిద్యాలయం ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడిగారు. విద్యార్థికి అండగా ఎందుకు నిలబడలేదని నిలదీశారు. జవాబు రాలేదు.

అప్పుడు ఇన్‌ఛార్జి డీన్‌గా ఉన్నది శివాజీ పణిక్కర్. కళాచరిత్ర విభాగం పెద్ద ఆయనే. కుర్రాడి పక్షాన నిలబడ్డారు. మే 11న విద్యార్థులు ఎదురు నినాదాలు చేయలేదు. పాఠమే చెప్పారు. విభాగం దాచిపెట్టుకున్న పాత ఫోటోలు తీసి ప్రదర్శన పెట్టారు. మన గుడి గోడల మీది శృంగార శిల్పాలూ, ఇతర దేశాల బొమ్మలూ అందులో ఉన్నాయి. ‘‘అసభ్యమా? అయితే వీటినేం చేస్తారు?’’ అన్నట్టుంది వరస.

మూసేయమని పైనుంచి ఆదేశం వచ్చింది. డీన్ మూయనన్నారు. అదే రోజు ఆయన్ను సస్పెండ్ చేశారు. విభాగానికి సీలు వేశారు. అప్పటి వైస్ ఛాన్సలర్ మనోజ్ సోనీ. 2023లో యూపీఎస్సీ ఛైర్మన్ అయి, మరుసటేడాదే రాజీనామా చేసింది ఆయనే.

వేటు ఒక్క మనిషి మీదే అయినా అధ్యాపకులంతా ఉలిక్కిపడ్డారు. భయం దేనికంటే, డీన్ కుర్చీకి ఉన్న పనే విద్యార్థికీ బయటి ఒత్తిడికీ మధ్య నిలబడటం. ఆ పని చేసినవాడికే శిక్ష పడితే రేపు ఆ కుర్చీలో కూర్చునేవాడు ఏం చేస్తాడు? గులాం మహమ్మద్ షేక్ లాంటి పాత అధ్యాపకులు వీధిలోకొచ్చారు. మే 14న ఢిల్లీ, ముంబయి కళాకారులూ నిరసన తెలిపారు. అదే రోజు చంద్రమోహన్ బెయిలు మీద బయటికొచ్చాడు.

అంతటితో సద్దుమణిగిందనుకుంటే పొరపాటు. పణిక్కర్ మళ్లీ ఆ కుర్చీలోకి రాలేదు. తర్వాత ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ కళల స్కూలుకు డీన్‌గా పనిచేశారు. ఆయనకు ఇంకో చోటు దొరికింది. కుర్రాడికి మాత్రం డిగ్రీ కాగితం చేతికి రాలేదు. పేపరు దిద్దలేదు, ఫలితం ఇవ్వలేదు. ఏళ్ల తరబడి తిరిగాడు. చదువు పూర్తయినా చూపించుకోవడానికి సర్టిఫికెట్ లేకపోతే ఎంత కష్టమో ఊరు విడిచి బతికేవాళ్లకు వేరే చెప్పాలా?

2018 ఫిబ్రవరిలో పేపర్ల నిండా మళ్లీ అతని పేరు. డిగ్రీ అడగడానికి వెళ్లి వీసీ కార్యాలయానికి నిప్పు పెట్టాడన్న కేసులో అరెస్టయ్యాడు. ఆ పనిని ఎవరూ మెచ్చుకోరు. 2007 నాటి ఆ బొమ్మలకు మార్కులు వేసి పంపి ఉంటే పదకొండేళ్ల తర్వాత అతను ఆ గుమ్మం తొక్కే అవసరమే ఉండేది కాదని అన్నవాళ్లున్నారు.

2022 మే నెలలో అదే ఫ్యాకల్టీలో మరో విద్యార్థి బొమ్మల మీద రగడ జరిగింది. అత్యాచార వార్తల పేపరు కత్తిరింపులతో దేవతల ఆకారాలు చేశాడన్నది ఆరోపణ. విశ్వవిద్యాలయం అతణ్ని బయటికి పంపేసింది.