ఎండిన ఏరు చచ్చినట్టేనా?

కెరీతు వాగు కథ సండేస్కూలు పిల్లలకు కూడా తెలిసిందే. కాకోలములు రొట్టె, మాంసము తెచ్చేవి, ఏలీయా వాగు నీళ్లు తాగేవాడు. వాన లేక కొంతకాలానికి ఆ వాగు ఎండిపోతే ప్రవక్త సారెపతుకు బయలుదేరాడు. మన ప్రసంగాల్లో ఎండిన వాగు ఎప్పుడూ కరవుకు, పరీక్షకు గుర్తుగానే వస్తుంది. అయితే బైబిలు దేశంలోని వాగుల్లో చాలా భాగం మామూలు సంవత్సరాల్లో కూడా ఎండేవే, వానాకాలంలో మళ్లీ పారేవే. 126వ కీర్తనలో చెర నుండి తిరిగివచ్చినవారు తమ స్థితిని దక్షిణదేశపు ప్రవాహాలతో పోల్చుకున్నది అందుకే. ఎండిన వాగులో ప్రాణం ఉంటుందని వారికి తెలుసు.

మన మూసీ కూడా ఆ జాతిదే. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే వానాధార నది ఇది. వానల్లో ఉరకడం, వేసవిలో సన్నని పాయలుగా చిక్కిపోవడం దాని స్వభావం. ఆ ఉరుకు ఎంతటిదో 1908 సెప్టెంబరు 28న నగరం చూసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. తరువాత వరదను ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. అప్పటినుంచి గేట్లు ఎత్తితే తప్ప దిగువకు పైనీరు పెద్దగా రాలేదు.

మరి ఇప్పుడు ఏప్రిల్ నెలలో చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడితే కింద నీళ్లు పారుతూనే కనిపిస్తాయి. ఎక్కడివి ఆ నీళ్లు? కృష్ణా, గోదావరి, మంజీరల నుంచి పైపుల్లో మన ఇళ్లకు వచ్చి, స్నానాల గదుల నుంచీ వంటిళ్ల నుంచీ మరుగుదొడ్ల నుంచీ బయటపడినవి. అంబర్‌పేట శుద్ధి కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. శుద్ధి అయినదీ కానిదీ కలిసి, వేసవిలో ఎండవలసిన నదిని పన్నెండు నెలలూ పారిస్తున్నాయి. బోరబండ పక్కన మూసాపేట, ఫతేనగర్ మీదుగా హుస్సేన్‌సాగర్ వైపు వెళ్లే కూకట్‌పల్లి నాలా కథ కూడా ఇంతే. అది ఒకప్పటి వాగు. ఇప్పుడు దాన్ని వాగు అంటే మన పిల్లలు నవ్వుతారు.

పారుతున్నది బతికున్నదనీ, ఎండినది చచ్చినదనీ అనుకునే కంటికి ఇక్కడ అంతా తలకిందులుగా కనిపిస్తుంది. శాస్త్రజ్ఞులకూ చాలాకాలం ఈ చిక్కే ఉంది. నదుల ఆరోగ్యాన్ని కొలిచే పద్ధతులు ఎక్కువగా ఏడాదంతా పారే నదుల కోసం తయారయ్యాయి. నీటి అడుగున రాళ్లను తిప్పి, అక్కడ బతికే చిన్న పురుగులను పట్టి లెక్కిస్తారు. శుభ్రమైన నీటిలోనే బతికే పురుగుల కుటుంబానికి 10 మార్కులు, మురికిని తట్టుకునే ఎర్రటి వానపాము జాతికి 1. బ్రిటన్‌లో 1970లలో రూపుదిద్దుకున్న ఈ లెక్కను మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి భారతీయ నదులకు తగినట్టు మార్చుకుంది. మంచి పద్ధతే. కానీ మార్చిలో ప్రవాహం ఆగి, నీళ్లు మడుగులుగా విడిపోయిన వాగులో ఈ లెక్క వేస్తే ఏమవుతుంది? మడుగు వేడెక్కుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, సున్నితమైన పురుగులు ముందే రెక్కలు కట్టుకుని పోతాయి. ఏ కాలుష్యమూ లేకపోయినా వాగుకు తక్కువ మార్కులు పడతాయి. ఇక పూర్తిగా ఎండితే లెక్కే లేదు. లెక్కలో లేనిదానికి రక్షణ కూడా ఉండదు, ఎవరైనా చెత్త పోయవచ్చు, ఇసుక తోడవచ్చు, పట్టా రాయించుకోవచ్చు.

ఇవి అరుదైన వాగులా అంటే, కాదు. ప్రపంచంలోని నదుల మొత్తం పొడవులో 51 నుంచి 60 శాతం ఏడాదిలో కనీసం ఒక్కరోజైనా పారకుండా ఆగుతుందని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మనకు చిత్రావతి, పాపాఘ్ని, పెన్నా తెలిసినవే.

ఇప్పుడు పరిశోధకులు ఇలాంటి నదిని ఒక్కసారి చూసి తీర్పు చెప్పరు. పారేటప్పుడు ఒకసారి, మడుగులుగా మిగిలినప్పుడు ఒకసారి, ఎండినప్పుడు ఒకసారి చూస్తారు. ఎండిన పడకలో నేలపురుగులు, చీమలు, సాలీళ్లు ఎన్ని రకాలున్నాయో లెక్కిస్తారు. గులకల్లో తీతువు గుడ్లు పెట్టిందా అన్నది కూడా విషయమే. ఎండిన మట్టిని కొంత తెచ్చి తొట్టిలో నీళ్లుపోసి ఉంచితే, అందులో దాగిన గుడ్ల నుంచి కొద్దిరోజుల్లో సూక్ష్మజీవులు బయటికి వస్తాయి. ఏమీ రాకపోతే ఆ మట్టికి ఏదో జరిగిందన్నమాట. బురదలో దాగి తడి కోసం ఎదురుచూసే నత్తలు, బొరియల్లోని ఎండ్రకాయలు, చివరి మడుగులో పైకొచ్చి గాలి పీల్చుకునే కొర్రమీను, ఇవన్నీ సాక్షులే.

మన పల్లెల్లో దీనికి సరిపోయే పరీక్ష ఒకటి ఎప్పటినుంచో ఉంది. అది చెలమ. ఎండిన ఏటి ఇసుకలో మూరెడు తవ్వితే తేటనీరు ఊరిందా లేదా? ఊరితే నది కింద ఉంది. ఇసుక తోడేసిన చోట బండరాయి తగులుతుంది, చెలమ తవ్వడానికి చోటే ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం మరొక ప్రశ్న: ఈ వాగు మునుపు ఎప్పుడు ఎండేది? ఉగాదికి ఎండే వాగు ఇప్పుడు సంక్రాంతికే ఎండుతుంటే పైన ఎవరో నీళ్లు ఆపారు, లేదా బోర్లు లాగేస్తున్నాయి. ఎండవలసిన వాగు ఎండకపోతే అదీ రోగమే. కొలత కేంద్రాలు లేని వాగుల కోసం స్పెయిన్‌లో పాత వైమానిక చిత్రాలతో పాటు స్థానికుల జ్ఞాపకాలను కూడా ఆధారంగా తీసుకునే పద్ధతి తెచ్చారు. మన సంఘాల్లోని పెద్దలను ఎవరూ అలా అడగలేదు.

ఎండకుండా పారే వాగు ఎంత జబ్బుగా ఉండగలదో పటాన్‌చెరు దగ్గర ప్రపంచమంతా చూసింది. అక్కడి మందుల పరిశ్రమల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ నీరు ఇసకవాగులోకి, అక్కడినుంచి నక్కవాగు ద్వారా మంజీరలోకి వెళ్లేది. మందులకు లొంగని సూక్ష్మక్రిములు పెరగడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

మూసీని బాగుచేస్తామని ప్రభుత్వం అంటున్నప్పుడు ఇవన్నీ గుర్తుంచుకోవాలి. గోదావరి నీళ్లు తెచ్చి జంట జలాశయాల ద్వారా నదిలో ప్రవాహం పెంచాలన్నది ప్రణాళికలో భాగం. ప్రవాహం పెరిగితే వాసన తగ్గవచ్చు, ఒడ్డున నడకదారి అందంగా ఉండవచ్చు. కానీ కలుస్తున్న మురుగు అంతే ఉంటే, అది పలుచనవుతుంది తప్ప పోదు. నదిగర్భంలో ఇళ్లున్నాయని 2024లో పేదల గోడల మీద గుర్తులు వేశారు. నదికి చోటు కావాలన్న మాట నిజమే. అయితే ఆ ఇళ్లలో ఉన్నవారి మురుగు ఎంత, బోరబండ నుంచి హైటెక్ సిటీ దాకా మనందరి భవనాల మురుగు ఎంత అని కూడా అడగాలి గదా.

స్నానానికి పనికొచ్చే నీటిలో బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములకు మించకూడదు, కరిగిన ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు అన్నది మన దేశపు ప్రమాణం. మూసీ బాగుపడిందని ఎవరైనా చెబితే ఈ రెండు అంకెలు అడగండి. నగరంలోనే కాక, దిగువన కత్వాల దగ్గర, ఆ నీటితోనే వరి పండించే రైతుల పొలాల దగ్గర కొలిచినవి అడగండి. ఏప్రిల్‌లో కొలిచారా, వరద వచ్చిన ఆగస్టులో కొలిచారా అని కూడా అడగండి.