టోపీ మీది బొమ్మ ఎవరిది?

ఒక ఐస్ హాకీ జట్టు పేరు కోసం పడ్డ తిప్పలు... ఊళ్ళో దుకాణం పెట్టాలనుకునే మనవాళ్ళకు పాఠం

మా రూములో ఉండే టైల్స్ మేస్త్రీ మొన్న సెలవు రోజున బజారుకెళ్ళి పది దిర్హాములకు ఒక నల్ల టోపీ కొనుక్కొచ్చాడు. ముందువైపు బంగారు రంగులో పాతకాలపు యోధుడి ఇనుప శిరస్త్రాణం బొమ్మ ఉంది. "అన్నా, ఇది ఏ కంపెనీది?" అని అడిగాడు. కంపెనీ కాదు తమ్ముడూ, అమెరికాలో లాస్ వేగాస్ అనే ఊరి ఐస్ హాకీ జట్టు గుర్తు అన్నాను. లాస్ వేగాస్ కూడా మన దుబాయ్‌లాగే ఎడారి ఊరు అనేసరికి "ఎడారిలో ఐసు మీద ఆటా?" అని నవ్వాడు. దుబాయ్ మాల్‌లో ఐసు రింకు చూశాక కూడా నవ్వుతావేంరా అన్నాను.

ఆ బొమ్మను ఒకసారి దగ్గరగా చూడమన్నాను. ముఖం దగ్గర వదిలిన ఖాళీలో ఇంగ్లీషు 'వి' అక్షరం కనపడుతుంది. వేగాస్‌కి వి. బంగారు రంగు ఎందుకంటే ఆ ఊరున్న నెవాడా రాష్ట్రం అమెరికాలో బంగారం ఎక్కువగా తవ్వే చోటు. బొమ్మ వెనక ఇంత ఆలోచన ఉంది. అయితే బొమ్మ గీయడం కన్నా ఆ జట్టు పేరు నిలబెట్టుకోవడమే కష్టమైంది. ఆ కథ మనకెందుకంటారా? కొంచెం ఓపిక పట్టండి.

యాభై కోట్ల డాలర్లు కట్టినా...

2016 జూన్‌లో ఉత్తర అమెరికా హాకీ లీగు, అంటే ఎన్‌హెచ్ఎల్, లాస్ వేగాస్‌కి కొత్త జట్టు ఇచ్చింది. యజమాని బిల్ ఫోలీ. ప్రవేశ రుసుమే 50 కోట్ల డాలర్లు. ఆయన అమెరికా సైనిక కాలేజీ వెస్ట్ పాయింట్‌లో చదివిన మనిషి. అక్కడి ఆటల జట్లను బ్లాక్ నైట్స్ అంటారు. ఆ అభిమానంతో తన జట్టుకూ అదే పేరు పెట్టాలనుకున్నాడు. కుదరలేదు. పోనీ ఉత్త 'నైట్స్' అందామంటే, కెనడాలో ఆ పేరు మీద హక్కు లండన్ నైట్స్ అనే కుర్రాళ్ళ హాకీ జట్టుది. ఎన్‌హెచ్ఎల్‌లో కెనడా జట్లు 7 ఉన్నాయి కాబట్టి కెనడాలో చెల్లని పేరు పనికిరాదు. చివరికి 2016 నవంబరు 22న 'వేగాస్ గోల్డెన్ నైట్స్' అని ప్రకటించారు.

రెండు వారాలు దాటగానే, డిసెంబరు 7న, అమెరికా ట్రేడ్‌మార్కు ఆఫీసు ఆ పేరు రిజిస్టరు చేయడం కుదరదని కాగితం పంపింది. కారణం, న్యూయార్క్ రాష్ట్రంలోని కాలేజ్ ఆఫ్ సెయింట్ రోజ్ అనే చిన్న కాలేజీ. అప్పట్లో ఆ కాలేజీ ఆటల జట్ల పేరు కూడా గోల్డెన్ నైట్సే, వాళ్ళు ముందే రిజిస్టరు చేసుకున్నారు. చూశారా, యాభై కోట్ల డాలర్ల జట్టుకు ఒక చిన్న కాలేజీ కాగితం అడ్డుపడింది. ఇక్కడ డబ్బు పెద్దదా చిన్నదా అని చూడరు, ముందు ఎవరు వాడారు, ఎవరు రాయించుకున్నారు అని చూస్తారు.

జట్టు వకీళ్ళు జవాబిచ్చి అర్జీని ముందుకు నడిపించారు. తర్వాతి మెట్టులో "ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి" అని ఆఫీసు ప్రకటన వేస్తుంది. మన ఊళ్ళో భూమి అమ్మకానికి పేపర్లో వేస్తారు చూడండి, అలాంటిదే. అప్పుడు 2018 జనవరిలో ఏకంగా అమెరికా సైన్యమే అభ్యంతరం పెట్టింది! సైన్యానికి 1959 నుంచి ఒక పారాచూట్ జట్టు ఉంది. విమానం నుంచి దూకి ప్రదర్శనలిస్తారు. 1962 నుంచి దాని పేరు గోల్డెన్ నైట్స్. పేరే కాదు, నలుపు బంగారు రంగులు కూడా మావేనన్నారు. జట్టువాళ్ళ జవాబు విని నేను నవ్వుకున్నాను. పారాచూట్ల ఆట చూద్దామని వచ్చి, హాకీ చూడాల్సి వచ్చిందని ఇంతవరకు ఒక్క ప్రేక్షకుడు కూడా మాకు ఫిర్యాదు చేయలేదు అన్నారు. 2018 జూలైలో రాజీ కుదిరింది. ఎవరి పని వాళ్ళది, పేరు ఇద్దరూ వాడుకోవచ్చు.

అసలు ప్రశ్న ఒక్కటే

ఆ జవాబులోనే ట్రేడ్‌మార్కు కిటుకు అంతా ఉంది. కొనేవాడు పొరబడతాడా లేదా? అదీ ప్రశ్న. ఒకే పేరుతో ఒకడు సిమెంటు, ఇంకొకడు మిఠాయి అమ్మితే మామూలుగా గొడవుండదు. సిమెంటుకీ వాల్ పుట్టీకీ ఒకే పేరుంటే మాత్రం, రెండూ ఒకే ఫ్యాక్టరీవి అనుకుని కొంటాం. అందుకే సరుకులను, సేవలను ప్రపంచమంతటా 45 తరగతులుగా విడదీశారు. బట్టలు, టోపీలు 25వ తరగతి. ఆట సామాను 28. ఆటల పోటీలు, వినోదం 41. హాకీ జట్టుకు టిక్కెట్లే కాదు, జెర్సీలూ టోపీలూ కూడా రాబడే. కాబట్టి ఒకే పేరును ఇన్ని తరగతుల్లో కాపాడుకోవాలి.

ఈ తరగతుల దెబ్బ బాగా తగిలింది ఇంకో జట్టుకి, యూటాకి. 2024 ఏప్రిల్‌లో అరిజోనా జట్టు ఆటగాళ్ళనీ కోచ్‌లనీ 120 కోట్ల డాలర్ల బేరంలో పక్క రాష్ట్రం యూటాకి తరలించారు. మనుషులు వచ్చారు గాని, 'కయోటీస్' అన్న పాత పేరు, బొమ్మ, రికార్డులు వాళ్ళతో రాలేదు. పొట్టచేత పట్టుకుని వలస వచ్చిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా? ఊళ్ళో 'ఫలానా వాళ్ళ అబ్బాయి'. ఇక్కడ బ్యాడ్జి మీద ఒక నెంబరు.

2024-25 సీజనంతా ఆ జట్టు 'యూటా హాకీ క్లబ్' అన్న ఉత్త పేరుతోనే ఆడింది. అభిమానులను ఓట్లడిగితే 'యెటీ' పేరు మీద చాలామందికి మోజు. యెటీ అంటే మన హిమాలయాల్లో తిరుగుతుందని చెప్పుకునే మంచుమనిషి. కానీ యెటీ అన్నది అమెరికాలో ఐసు డబ్బాలమ్మే పేరున్న కంపెనీ. డబ్బాలకూ హాకీకీ సంబంధమేంటి అనొచ్చు. ఆ కంపెనీ టోపీలు, చొక్కాలు కూడా అమ్ముతుంది, అక్కడ వచ్చింది చిక్కు. 2025 జనవరిలో ట్రేడ్‌మార్కు ఆఫీసు కాదంది. కంపెనీతో బేరం కుదరలేదు. 2025 మే నెలలో 'యూటా మామత్' అని పేరు పెట్టుకున్నారు. అదీ నెమ్మదిగా జరగలేదు. మామత్ పేరుతో హాకీ సంచులు చేసే ఒరెగాన్ కంపెనీ ఒకటి అభ్యంతరం చెప్పింది. పేరు వాడుకునే హక్కు మాకుందని తేల్చమంటూ 2025 ఆగస్టులో జట్టే కోర్టుకెక్కింది.

పేరుకు విలువ ఎక్కడిది?

రిజిస్ట్రేషన్ కాగితం హక్కు ఇస్తుంది, విలువ మాత్రం పని వల్లే వస్తుంది. 2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో ఒక సంగీత కచేరీ మీద దుండగుడు కాల్పులు జరిపాడు. అప్పటి లెక్క ప్రకారం 58 మంది చనిపోయారు. అక్టోబరు 10న జట్టు సొంత ఊళ్ళో మొదటి ఆట ఆడింది. ఆ రోజు మైదానం చుట్టూ ఉండే ప్రకటనలన్నీ తీసేసి, వేగాస్ ధైర్యం చెప్పే మాట ఒక్కటే రాశారు. గాయపడ్డవాళ్ళను కాపాడిన సిబ్బందిని ఆటగాళ్ళతో పాటు ఐసు మీదికి పిలిచారు. తర్వాత 58 నెంబరు జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వబోమన్నారు. మొదటి ఏడే ఫైనల్‌కి వెళ్ళి వాషింగ్టన్ చేతిలో ఓడారు, 2023లో కప్పు గెలిచారు. ఏడాది కింద కాగితం మీద గొడవపడ్డ పేరు ఊరి వాళ్ళ సొంత పేరైపోయింది.

మన సైటు సంగతే చెప్తాను. రెండేళ్ళ కింద స్టోరుకి కొత్త సేఫ్టీ బెల్టులొచ్చాయి. మంచి బ్రాండు గుర్తే ఉంది, పేరులో ఒక్క అక్షరం తేడా. అనుమానమొచ్చి కింద నిలబడి గట్టిగా లాగి చూస్తే కుట్టు ఊడొచ్చింది. ఆ బెల్టుతో పదో అంతస్తు పరంజా ఎక్కి ఉంటే? గుర్తును కాపాడేది యజమాని లాభం కోసమే అనుకుంటాం. దాన్ని నమ్మి ప్రాణం కట్టుకునేవాళ్ళం మనం.

ఊరెళ్ళి బోర్డు కట్టేముందు

మా పాత క్యాంపులో ఒకాయన పన్నెండేళ్ళు కష్టపడి ఊరెళ్ళి హార్డ్‌వేర్ షాపు పెట్టాడు. పేరున్న ఒక బ్రాండు పేరుకి తన ఊరి పేరు తగిలించాడు. ఎనిమిది నెలలకు వకీలు నోటీసొచ్చింది. బోర్డు, బిల్లు పుస్తకాలు, సంచులు అన్నీ మార్చాల్సొచ్చింది. దానికన్నా పెద్ద నష్టం, అప్పుడప్పుడే అలవాటైన గిరాకీ పేరు మారేసరికి "ఓనరు మారాడా?" అని అడగడం మొదలుపెట్టింది. గల్ఫ్ డబ్బు అలా పోతే మళ్ళీ వీసా వెతుక్కోవాల్సిందే.

కాబట్టి కొన్ని మాటలు గుర్తుంచుకోండి. భారత ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో పేరు వెతకడం ఉచితం, ఇక్కడి నుంచి ఫోనులోనే చూడొచ్చు. మీ సరుకు ఏ తరగతిదో చూసి అందులో వెతకండి. టైల్స్ 19, దుకాణం నడపడం 35. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అర్జీలు చెన్నై ఆఫీసు కిందికొస్తాయి. సొంతంగా వ్యాపారం చేసుకునే మనిషి ఆన్‌లైన్‌లో అర్జీ పెడితే ఒక తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు చెల్లుతుంది, మళ్ళీ పొడిగించుకోవచ్చు. పేరు పక్కన 'టిఎం' ఎవరైనా వేసుకోవచ్చు. సున్నాలో 'ఆర్' మాత్రం రిజిస్టరయ్యాకే వేయాలి.

ఇంకో మాట. క్యాంపుల్లో పక్క సంపాదన కోసం నకిలీ వాచీలు, చొక్కాలు అమ్మేవాళ్ళున్నారు. యూఏఈలో 2021 నాటి ట్రేడ్‌మార్కు చట్టం కింద అది నేరం. పది దిర్హాముల లాభానికి జైలు, జరిమానా దాకా తెచ్చుకోవద్దు.

వేగాస్ జట్టు రెండో గుర్తులో ఎర్ర నక్షత్రం ఒకటుంది. అది ఊరి పొలిమేరలో ఉండే ప్రసిద్ధమైన స్వాగత బోర్డు నుంచి తెచ్చుకున్నది. 1959లో ఆ బోర్డు గీసిన బెట్టీ విల్లిస్ దాని మీద హక్కులు తీసుకోలేదు, ఊరికి కానుక అనుకుంది. తెలిసి ఇస్తే అది దానం. తెలియక పోగొట్టుకుంటే నష్టం.

ఇదంతా విని మా మేస్త్రీ ఊళ్ళో పెట్టబోయే టైల్స్ షాపుకి అనుకున్న పేర్లు బయటపెట్టాడు. రాత్రి పదకొండు దాకా ఫోనులో వెతికాం. మొదటి రెండూ అప్పటికే వేరేవాళ్ళవి. మూడోది మాత్రం 19లోనూ 35లోనూ కనపడలేదు. ఆ పేరేంటో ఇక్కడ రాయను. ముందు అర్జీ పెట్టనివ్వండి.