అమ్మ ‘భయం లేదు’ అన్న ఊరికే బయల్దేరాం

మా అమ్మ మనసులో ఒక ఇండియా మ్యాప్ ఉంటుంది. అందులో గుడి ఉన్న ఊళ్లన్నీ పచ్చగా, టీవీలో బ్రేకింగ్ న్యూస్‌గా వచ్చిన ఊళ్లన్నీ ఎర్రగా ఉంటాయి. తిరుపతి, అరుణాచలం, కాశీ పచ్చ. కశ్మీర్ ఎరుపు. గోవా మరీ ఎరుపు కాదుగానీ, ‘అక్కడికెళ్తే మంచోడు కూడా చెడిపోతాడు’ అంటుంది.

నవ్వకండి. మనమూ తక్కువేం కాదు. రీల్స్‌లో అందంగా కనిపిస్తే సేఫ్, న్యూస్‌లో కనిపిస్తే డేంజర్. ఆ మ్యాప్‌ను నమ్మే నేను ఒకరోజు నలుగురి ప్రాణాలు మీదికి తెచ్చాను.

2025 ఏప్రిల్‌లో నేను, ముగ్గురు ఫ్రెండ్స్ కశ్మీర్ ప్లాన్ చేశాం. లీవ్ అప్రూవ్ అయింది, ఫ్లైట్ టికెట్లు తీశాం. 22వ తేదీన పహల్గాం దగ్గర బైసరన్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. ఆ రాత్రే ఖమ్మం నుంచి అమ్మ ఫోన్. “ఒరేయ్, టికెట్ల డబ్బులు పోతే పోనీ. నువ్వు వెళ్లొద్దు, అంతే.” వెళ్లాలని మాకూ లేదు. క్యాన్సిల్ చేశాం. అది సరైన పనేనని ఇప్పటికీ అంటాను.

లీవ్‌ను మే చివరికి జరుపుకుని, కారులో గోకర్ణ వెళ్దామనుకున్నాం. చెప్పగానే అమ్మ గొంతే మారిపోయింది. “గోకర్ణమా! ఆత్మలింగం ఉన్న చోటు. వెళ్లి రండి నాన్నా, ఏ భయం లేదు.” మా లిస్టులో గుడికంటే ముందు ఓం బీచ్ ఉందని నేను చెప్పలేదు.

మూడు సెకన్లు

ఆ శుక్రవారం పొద్దున ఏడింటికి లేచాను. ఆఫీసులో రిలీజ్ డే. పని ముగించుకుని, బ్యాగు సర్దుకుని గచ్చిబౌలిలో బయల్దేరేసరికి రాత్రి పదిన్నర. ఆరువందల కిలోమీటర్ల పైనే దూరం. ‘నైట్ అయితే ట్రాఫిక్ ఉండదు, మధ్యాహ్నానికల్లా బీచ్‌లో ఉంటాం’ అన్నది మా లెక్క. జడ్చర్లలో టీ తాగుతుంటే మాలో ఒకడు, “ఇక్కడే రూమ్ తీసుకుని పడుకుందాంరా, పొద్దున్నే వెళ్దాం” అన్నాడు. “సరే అంకుల్” అని వాణ్ని ఏడిపించి మళ్లీ కారెక్కాం. స్టీరింగ్ నాది. వెనక ఇద్దరూ సీటు బెల్టు పెట్టుకోకుండానే నిద్రపోయారు.

రాయచూర్ దాటాం. మూడు గంటలు కావస్తోంది. నాకు రోడ్డు కనిపించడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది పక్క సీట్లోంచి ‘అంకుల్’ అరిచిన అరుపు. మధ్యలో ఏం జరిగిందో తెలీదు. ఎదురుగా రోడ్డు వారన, వెనక లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ. వాడే స్టీరింగ్ పట్టుకుని కుడికి లాగాడు. మా ఎడమ అద్దం ఊడి ఎగిరిపోయింది. ఇంకేమీ కాలేదు.

తెల్లారేదాకా ఒక పెట్రోల్ బంకులో కూర్చున్నాం. ఎవరికీ మాట రాలేదు. నేను మాత్రం ఫోన్ తీసి లెక్కేశాను, అలవాటు ఎక్కడికి పోతుంది? 80 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకు 22 మీటర్లు. మూడు సెకన్లు కళ్లు మూతపడితే 66 మీటర్లు. అంత దూరం ఆ కారును ఎవరూ నడపలేదన్నమాట.

భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట

కశ్మీర్ ట్రిప్ క్యాన్సిల్ చేసుకోగానే ప్రమాదం కూడా క్యాన్సిల్ అయిపోయిందనుకున్నాం. మా తప్పు అక్కడుంది. ఎందుకలా అనుకుంటామో 1973లోనే అమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చెప్పారు. ఏ సంఘటన సులువుగా గుర్తొస్తే, అదే ఎక్కువగా జరుగుతుందని మన మెదడు లెక్కేస్తుందట. ఉగ్రదాడి వీడియో కళ్లముందు తిరుగుతుంది. హైవే పక్కన ఆగిన లారీ ఎవరికీ గుర్తుండదు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత చాలామంది అమెరికన్లు విమానమంటే భయపడి కార్లలో తిరిగారు. దానివల్ల తర్వాతి ఏడాదిలో రోడ్ల మీద సుమారు 1,500 మంది అదనంగా చనిపోయారని జర్మన్ సైకాలజిస్టు గెర్డ్ గిగరెంజర్ అంచనా వేశారు. వాళ్లు భయపడటంలో తప్పులేదు. ఆ భయంతో ఎంచుకున్న దారి ఇంకా ప్రమాదకరమని వాళ్లకు తట్టలేదు, అచ్చం మాలాగే.

మన దేశం సంగతికొస్తే, కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజుకు దాదాపు 460 మంది. హత్యనూ యాక్సిడెంట్‌నూ ఒకే తక్కెడలో వేయమని నేననడం లేదు. పహల్గాంలో జరిగింది నేరం, ఆ కోపం, ఆ బాధ వేరు. కానీ బ్యాగు సర్దుకునేటప్పుడు ఆ 460 కూడా గుర్తుండాలి కదా.

ఆ ఊళ్లను ఎవరూ డేంజర్ అనలేదు

2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. నేను ఇంజనీరింగ్‌లో చేరాక మా కాలేజీలో ఏ టూర్ మాటెత్తినా పెద్దవాళ్లు ఈ సంఘటనే గుర్తుచేసేవారు.

2019 సెప్టెంబర్ 15. గోదావరి వరద మీదుంది. పాపికొండలు చూడ్డానికి వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 50 మంది దాకా చనిపోయారు.

మనాలి వైపు టూర్ అంటే ఏ ఇంట్లోనైనా ‘స్వెట్టర్ పెట్టుకో’ అంటారు. పాపికొండలంటే పులిహోర కట్టిస్తారు. అక్కడ ప్రాణాలు తీసింది ఊరి పేరు కాదు. ఆ గంటలో, ఆ నీళ్లలో ఉండటం.

ఊరు మొత్తానికీ, దేశం మొత్తానికీ ఒకే మార్కు వేస్తే ఇలాంటివి కనిపించవు. అమెరికా విదేశాంగ శాఖ తన పౌరుల కోసం దేశాలకు ఒకటి నుంచి నాలుగు స్థాయిలు ఇస్తుంది. 2025లో మన దేశానిది రెండు, అంటే ‘మరింత జాగ్రత్త’. ఫ్రాన్స్, జర్మనీలదీ రెండే. అయితే ఆ రెండు అంకె కింద చదివితే, ఏ ప్రాంతంలో ఏ ప్రమాదమో విడివిడిగా రాసుంటుంది. అసలు పనికొచ్చేది అదే. మనం అంకె చూసి ఆగిపోతాం.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఒంటరిగా ట్రిప్పులకు వెళ్తుంది. ‘ఈ ఊరు సేఫేనా?’ అని తను అడగదు. రైలు ఎన్నింటికి దిగుతుంది? స్టేషన్ నుంచి హోటల్‌కు ఆ టైములో ఏం దొరుకుతుంది? రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉంటాడా? ముందు అతి తక్కువ రేటింగ్ ఇచ్చిన రివ్యూలు చదువుతుంది, అందులోనూ ఆడవాళ్లు రాసినవి. “మీకు ఊరు సేఫైతే చాలు. నాకు ఆ చివరి రెండు కిలోమీటర్లు కూడా సేఫ్‌గా ఉండాలి” అందొకసారి. మేం నలుగురు మగాళ్లం వారం రోజుల ప్లానింగ్‌లో అలాంటి ప్రశ్న ఒక్కటి కూడా వేసుకోలేదు.

ఇప్పుడు మా గ్రూపులో అడిగే ప్రశ్నలు

ఎలా వెళ్తున్నాం, ఎన్నింటికి? ఆఫీసు అయ్యాక డ్రైవింగ్ లేదు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా శరీరం నిద్ర అడిగే టైము, టీ తాగినా ఆగదు. వెనక సీట్లోనూ బెల్టు పెట్టాల్సిందే. 2022లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లో బెల్టు లేకుండానే.

నీళ్లున్నాయా? ఉంటే పైన డ్యామ్ ఉందా, అక్కడివాళ్లు దిగుతున్నారా? మేం గోకర్ణ చేరేసరికి వానలు మొదలయ్యాయి, సముద్రం పోటు మీదుంది. మోకాలి లోతు దాటగానే లైఫ్‌గార్డు విజిల్ వేశాడు. ఇంకో రోజైతే ‘ఏం కాదులే అన్నా’ అనేవాళ్లం. ఆ రోజు నోరెత్తకుండా బయటికొచ్చాం.

ఎత్తెంత? లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫ్లైట్ దిగిన రోజే ఖర్దుంగ్ లా ఎక్కుతామంటే జిమ్ బాడీ కూడా కాపాడదు. కనీసం రెండు రోజులు లేహ్‌లో ఆగాలి.

ఏదైనా జరిగితే ఆస్పత్రి ఎంత దూరం? ఫోన్ సిగ్నల్ ఎక్కడిదాకా ఉంటుంది? 112కు ఫోన్ చేయాలన్నా ముందు సిగ్నల్ ఉండాలిగా.

చివరిది ముఖ్యం. గ్రూపులో ఒక్కడు ‘వద్దు’ అంటే ఆగుతామా? జడ్చర్లలో మేం ఆగి ఉంటే ఈ కథే లేదు. ఇప్పుడు మా దగ్గర ఒక్క ‘వద్దు’ చాలు, ఎవరూ ఎవర్నీ అంకుల్ అనరు.

ఆ శనివారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. “చేరారా? హమ్మయ్య. నేను చెప్పలేదూ, గోకర్ణమైతే భయం లేదని.” ఊడిన అద్దం వైపు చూస్తూ “అవునమ్మా” అన్నాను.

అమ్మా, ఈ లింకు నీకు వాట్సాప్‌లో పంపుతున్నాను. మొత్తం చదివాక ఫోన్ చెయ్యి, ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. వచ్చే నెల అరకు వెళ్తున్నాం. ఈసారి రైలు టికెట్లు తీశాను.