కోఁతమర – ఒత్తుమర

నాఁగలికిఁ బెద్దలు సహజముగా వంగిన కొమ్మనే యేల యెన్నుకొందురు? తిన్నని మ్రానిని వంపుగాఁ గోసినచో నార తెగి విఱుగును గనుక. ఇనుపమరల యందును నిదియే న్యాయము.

ఉలివంటి పనిముట్టుతోఁ గోసిన మరలో లోహమునందలి నారవంటి యమరిక తెగును. చుట్టు మొదటఁ జీలిక పుట్టుట సులభము. కఠినమైన యచ్చుల నడుమ దొరలించి యొత్తినచో నా యమరిక తెగక చుట్టువెంట వంగును, పైపొర గట్టిపడును, లోహము పొట్టుగా రాలి వ్యర్థము గాదు.

సైకిలు స్పోకును జూడుఁడు: 2 మిల్లీమీటర్ల తీఁగపై మర సుమారు 2.2 మిల్లీమీటర్ల లావుండును. కోసినచోఁ దీఁగను మించునా? ఒత్తిడికి లోనైన లోహమే గట్టుగా లేచినది.

మెత్తని యుక్కు, ఇత్తడి యిట్లు లొంగును, పోఁతయినుము పగులును.

నూతియింజనులో నదరెడి చోట బోల్టు విఱిగినచో, కోఁతమరను బిగింపకుఁడు, ఒత్తుమరనే కోరుఁడు.