హాస్టల్ గదిలో ఆత్మీయ ఎదుగుదల

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.

మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుని భోజనం చేస్తారు. ఈ వ్యాసం ఎవరినీ ఏ మతంలోకీ పిలవడానికి కాదు. క్రైస్తవ కుటుంబాల నుండి వచ్చి, డిగ్రీ అయ్యాక కోచింగ్ కోసం అమీర్‌పేట, పంజాగుట్ట దారి పట్టేవారు తమ విశ్వాసాన్ని ఎలా పెంచుకోవాలో చెప్పడానికి మాత్రమే.

ఎదుగుదల అంటే ఏమిటి?

ఆదివారం మానకుండా గుడికి వెళ్లడం, పాటలు బాగా పాడడమే ఎదుగుదల అని చాలామంది అనుకుంటారు. అవి మంచివే. కానీ ఊళ్లో మనల్ని లేపి ప్రార్థనకు కూర్చోబెట్టింది అమ్మ, నాయనమ్మ. గుడికి రాకపోతే అడగడానికి సంఘమంతా ఉండేది. మైత్రీవనం వెనుక సందుల్లో, గదికి ఆరుగురు ఉండే ప్రైవేటు హాస్టల్లో చేరాక లేపేవారు లేరు, అడిగేవారూ లేరు. అప్పుడు మనలో ఎంత మిగిలిందో అదే మన సొంత విశ్వాసం. అమ్మ విశ్వాసం మన విశ్వాసంగా మారడమే ఆత్మీయ ఎదుగుదల.

మన పెద్దల నుండి నేర్చుకోవలసింది

ఒంగోలు ప్రాంతంలో తోలు వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య. అంతకుముందే యోగ గురువుల దగ్గర సత్యం కోసం వెదికినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి బోధించాడు. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అయితే అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో ఎక్కువమందికి అక్షరం రాదు. విన్న వాక్యాన్నీ పాటనూ కంఠతా పట్టి నిలబడ్డారు. చదువు వచ్చిన మనం బైబిలు తెరవకపోతే ఏమనాలి?

మన నగరంలోని గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర ఉన్న హెబ్రోను గురించి చాలామందికి తెలుసు. 1950లో దానిని ప్రారంభించిన భక్త సింగ్ (1903–2000) పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజినీరింగ్ చదువు కోసం లండన్, కెనడా వెళ్లారు. 1929లో కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడు ఇచ్చిన కొత్త నిబంధన చదవడంతో ఆయన జీవితం మారింది. పెద్ద సభలో కాదు, ఇంటికి దూరంగా చదువుకునే రోజుల్లో, పుస్తకం ముందు కూర్చున్నప్పుడు.

బైబిల్లో దానియేలు సంగతి కూడా ఇలాంటిదే. ఓడిపోయిన జాతి పిల్లవాడు. పరాయి దేశంలో రాజు పెట్టిన తిండి, పరాయి భాషలో మూడేళ్ల శిక్షణ, చివరికి పేరు కూడా మార్చేశారు. అతడు చదువు మానలేదు, అందరికంటే బాగా చదివాడు. కానీ రోజుకు మూడుసార్లు మోకరించడం మాత్రం ముసలితనం దాకా వదల్లేదు. జావా, పైథాన్ నేర్చుకునే మనకు దానియేలు మంచి సీనియర్.

నాలుగు అలవాట్లు

1. సమయం: బాత్రూం ముందు బకెట్ల వరుస మొదలు కాకముందే లేవండి. పదిహేను నిమిషాలు చాలు. గదిలో చోటు లేకపోతే మేడ మీదికి వెళ్లండి. యేసు కూడా ఇంకా చీకటి ఉండగానే ఒంటరిగా వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త చెబుతోంది. ఫోన్లో బైబిలు తెరిస్తే వాట్సాప్ పిలుస్తుంది. అచ్చు పుస్తకమే మేలు.

2. వాక్యం: అక్కడో పేజీ ఇక్కడో పేజీ తిప్పవద్దు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకు ఒకటి. నోటుబుక్కులో మూడు సంగతులు రాయండి: ఏం అర్థమైంది, ఏం అర్థం కాలేదు, ఈ రోజు ఏం చేయాలి. అర్థం కానిది రాసుకోవడం అవిశ్వాసం కాదు. ప్రశ్న లేకుండా ఏ సబ్జెక్టూ రాదు కదా.

3. సహవాసం: ఇద్దరు ముగ్గురైనా వారానికి ఒకసారి కలవండి. 1954లో ఏర్పడిన యు.ఇ.ఎస్.ఐ. వంటి విద్యార్థి సంఘాలు ఇలా చిన్న గుంపులుగా కూడి బైబిలు చదవడం నేర్పాయి. వారానికొక కొత్త చర్చి చూడటం కంటే దగ్గర్లోని ఒక సంఘంలో స్థిరపడండి. అక్కడి పెద్దలకు మీ పేరు తెలియాలి.

4. సేవ: పంజాగుట్ట నిమ్స్ దగ్గర జిల్లాల నుండి వచ్చిన రోగుల బంధువులు కాగితాలు పట్టుకుని ఏ కౌంటరుకు వెళ్లాలో తెలియక నిలబడి ఉంటారు. అచ్చం మన అమ్మానాన్నల్లాంటివారు. ఆదివారం సాయంత్రం ఒక గంట ఫారాలు నింపిపెట్టండి, బోర్డులు చదివిపెట్టండి. ఆ గంటలో నేర్చుకునేది ఏ ప్రసంగంలోనూ దొరకదు.

రెండు జాగ్రత్తలు

కానుక పంపితే ఉద్యోగం వస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. ఇంటర్వ్యూలో పోవడం విశ్వాసం తక్కువై కాదు. నాన్న కూలి డబ్బులో నుండి పంపిన ఫీజును భయంతో ఎవరికీ ఇవ్వకండి.

రెండవది మనలో చాలామంది బయటికి చెప్పుకోని బాధ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కూడా ఇచ్చారు గానీ క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలను బీసీ–సిలో చేర్చారు. కులం వదలని వారికి కులం హక్కు మాత్రం పోతుంది. ఈ భయంతో ప్రార్థన చేసుకోవడమే దొంగతనంలా అనిపించే వారున్నారు. దీనికి సులువైన జవాబు లేదు. చట్టం ఏం చెబుతోందో తెలుసుకోండి, పెద్దలతో, తెలిసిన లాయర్లతో మాట్లాడండి. ఆ గుబులును కూడా దేవుని ముందు పెట్టండి. మనం దాచుకున్నది ఆయనకు కొత్త కాదు.

మిత్రులారా, విత్తనం రాత్రికి రాత్రే చెట్టు కాదు. మొదటి నెల ఏమీ మారినట్టు కనిపించదు. గదిలో గొడవ వచ్చినప్పుడు ముందుగా మాట కలిపేది మీరైతే, రిజల్టు పోయిన రోజు కూడా మేడ మెట్లెక్కి మోకరించగలిగితే, వేరు పట్టిందని తెలుసుకోండి.