మిసిసిపీ తీరాన హానిబల్

ప్రపంచంలో కొన్ని పట్టణాలకు రాజుల వలన కీర్తి కలిగినది. కొన్నింటికి దేవాలయాల వలన, మరికొన్నింటికి వర్తకం వలన కలిగినది. ఒక అల్లరి పిల్లవాని వలన లోకప్రసిద్ధి పొందిన ఊరు మాత్రం అరుదు. అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలో, మిసిసిపీ మహానది పడమటి ఒడ్డున, మిస్సోరీ రాష్ట్రంలో ఉన్న హానిబల్ అటువంటి ఊరు. నండూరి రామమోహనరావుగారి అనువాదాలలో టామ్ సాయర్ కథను, హకల్‌బెరీ ఫిన్ కథను చదివిన తెలుగు పాఠకులకు ఈ ఊరు కొత్తది కాదు. మార్క్ ట్వేన్ సెంట్ పీటర్స్‌బర్గ్ అనే మారుపేరుతో చిత్రించినది ఈ హానిబల్‌నే. అయితే కథలోని ఊరికీ, చరిత్రలోని ఊరికీ నడుమ కొంత దూరమున్నది. ఆ దూరం ఎంతో తెలుసుకొనటం విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ అవసరం.

1819లో మోజెస్ బేట్స్ అనే ఆయన ఈ ఊరికి పునాది వేసినాడు. రోమును గడగడలాడించిన కార్తేజి సేనాని పేరు దీనికి వచ్చినది. పేరు పెద్దదే కాని, 1830 నాటికి కూడా అక్కడ నివసించినవారు 30 మందే. స్టీమర్ల రాకపోకలు పెరిగిన కొలదీ ఊరూ పెరిగి, 1850 నాటికి జనసంఖ్య రెండు వేలు దాటినది. రోజంతా కునికిపాట్లు పడే ఆ ఊరు, దూరాన స్టీమరు పొగ కనబడగానే ఒక్కసారిగా మేల్కొని రేవుకు పరుగెత్తేదట. అది వెళ్ళిపోగానే మళ్ళీ నిద్రలోకి జారుకొనేదట. 1883లో వెలువడిన ‘లైఫ్ ఆన్ ది మిసిసిపీ’ గ్రంథంలో మార్క్ ట్వేన్ ఈ దృశ్యాన్ని కళ్ళకు కట్టినట్లు వర్ణించినాడు.

ఆయన అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో ఫ్లోరిడా అనే సమీప గ్రామంలో పుట్టి, నాలుగేళ్ళ వయస్సులో తల్లిదండ్రులతో హానిబల్ చేరినాడు. తండ్రి జాన్ క్లెమెన్స్ చిన్న న్యాయాధికారి. గౌరవం ఉన్నదే కాని ధనం లేదు. 1847లో ఆయన మరణించగా, పదకొండేళ్ళ శామ్యూల్ మీద ఇంటి బరువు కొంత పడినది. అనతికాలంలోనే అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పనిలో చేరినాడు. 1853లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినాడు.

ఇక్కడ చరిత్ర చేసిన ఒక చమత్కారం గమనింపదగినది. హానిబల్ నుండి మిస్సోరీ పడమటి అంచున ఉన్న సెంట్ జోసెఫ్ వరకు రైలుమార్గం వేయవలెనని 1846లో ఊరి పెద్దలు సమావేశమైనారు. ఆ సమావేశం జరిగినది జాన్ క్లెమెన్స్ కార్యాలయంలోనే. సుమారు 200 మైళ్ళ ఆ మార్గం 1859 ఫిబ్రవరిలో పూర్తయినది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కుమారుడు స్టీమరు నడిపే పైలటుగా అనుమతిపత్రం పొందినాడు. నీటి లోతు రెండు నిలువులు, అనగా 12 అడుగులు ఉన్నదని తెలిపే పడవవారి మాటనే తరువాత కలంపేరుగా పెట్టుకొన్నాడు. కాని తండ్రి కోరిన రైలే కుమారుడు ప్రేమించిన స్టీమర్లకు కాలం చెల్లజేసినది. 1861లో అంతర్యుద్ధం వచ్చి ఆయన పైలటు జీవితాన్ని ముగించినది.

రైలు వలన ఊరు బ్రతికినది. మిన్నెసోటా, విస్కాన్సిన్ అడవుల కలపను తెప్పలుగా కట్టి నదిలో వదిలితే, ఇక్కడి మిల్లులలో కోసి రైలుమీద పడమటి మైదానాలకు పంపేవారు. అడవులు తరిగిన పిదప సిమెంటు వచ్చినది. పనామా కాలువకు ఇక్కడి అట్లాస్ కర్మాగారం సిమెంటు పంపినది. దానిలో పనిచేయుటకు రుమేనియా, స్లొవాకియా, హంగరీ, ఇటలీ ప్రాంతాల నుండి వచ్చిన కూలీలతో ఇలాస్కో అనే పేట వెలసినది. 1960ల దశకంలో రహదారి కొరకు దానిని తొలగించినారు.

ఇది ఊరి చరిత్రలో వెలుగుపక్షం. రెండవ పక్షం కూడా ఉన్నది.

మిస్సోరీ 1821లో బానిసత్వాన్ని అంగీకరించే రాష్ట్రంగా సమాఖ్యలో చేరినది. నదికి ఆవలి ఒడ్డు ఇలినాయి. అక్కడ బానిసత్వం నిషిద్ధం. హానిబల్ రేవులో నిలిచిన నల్లజాతి మనిషికి స్వేచ్ఛ కంటికి కనబడేంత దూరంలోనే ఉన్నది. కాలికి మాత్రం అందదు. నల్లజాతివారికి చదువను వ్రాయను నేర్పటం నేరమని 1847లో మిస్సోరీ శాసనం చేసినది. దక్షిణాది విపణికి పంపుటకై గొలుసులతో బంధింపబడి, వీధిలో పడియున్న స్త్రీపురుషులను బాల్యంలో చూచినానని మార్క్ ట్వేన్ ఆత్మకథలో చెప్పినాడు. బానిసత్వం తప్పని ఆనాడు తనకు ఎవరూ చెప్పలేదనీ, దైవసమ్మతమని చర్చిలోనే బోధించినారనీ కూడా వ్రాసినాడు.

అయినా ఆ ఊళ్ళోనే ధర్మం ఒక దిక్కులేని ఇంట నిలిచినది. 1847 వేసవిలో పారిపోయి వచ్చిన ఒక బానిస నది నడుమ లంకలో దాగినాడు. పట్టించినవారికి బహుమానమున్నది. కడు నిరుపేద అయిన బెన్స్ బ్లాంకెన్‌షిప్ అనే యువకుడు ఆ బహుమానానికి ఆశపడక, రహస్యంగా ఆహారం చేరవేసినాడు. చివరకు కొందరు వెంటాడగా ఆ అభాగ్యుడు నీట మునిగి మరణించినాడు. బెన్స్ తమ్ముడు టామ్ బ్లాంకెన్‌షిప్పే హకల్‌బెరీ ఫిన్ పాత్రకు మూలం.

ఈ జ్ఞాపకాలను తట్టిలేపిన ఘట్టాలలో ఒకటి మన దేశంలోనే జరిగినది. 1896లో మార్క్ ట్వేన్ బొంబాయి వచ్చినప్పుడు, హోటలులో ఒక జర్మనీ దేశస్థుడు భారతీయ సేవకుని చెంపపై కొట్టినాడు. సేవకుడు మారు పలుకలేదు. ఆ క్షణంలో తన మనస్సు బాల్యానికి మరలినదనీ, చిన్న తప్పుకు యజమాని ఇనుపముద్ద విసరగా ప్రాణం విడిచిన బానిస గుర్తుకు వచ్చినాడనీ ‘ఫాలోయింగ్ ది ఈక్వేటర్’ గ్రంథంలో (1897) వ్రాసినాడు. మన సేవకుని మౌనం ఆయనకు తన ఊరిని చూపినది.

హానిబల్ మాత్రం చాలాకాలం ఒక జ్ఞాపకాన్నే పోషించినది. మార్క్ ట్వేన్ నివసించిన ఇంటిని 1912లో ప్రదర్శనశాలగా తెరచినారు. 1926లో టామ్, హక్ విగ్రహాలు నిలిపినారు. ఏటా జూలైలో పిల్లలకు కంచెకు సున్నం వేసే పోటీలు జరుగుతున్నవి. 1992లో పూర్తయిన వరదకట్ట మరుసటి ఏటి మహావరద నుండి ఈ పాతవీధులను కాపాడినది. ఇంతటి శ్రద్ధలోనూ నల్లజాతివారి చరిత్రకు చోటు దొరకలేదు. 1954లో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు వచ్చువరకు వారి పిల్లలు చదివినది వేరుబడిలోనే. బానిసల సంతతికి చెందిన ఫే డాంట్ 2013లో ‘జిమ్స్ జర్నీ’ పేరుతో ఒక చిన్న ప్రదర్శనశాలను స్థాపించిన తరువాతనే, జిమ్‌కు ఆ ఊళ్ళో ఒక ఇల్లు ఏర్పడినది.

2020 జనగణన ప్రకారం హానిబల్ జనసంఖ్య 17 వేల పైచిలుకు. అంత చిన్న ఊరికి అంత పెద్ద పేరు ఒక రచయిత ఇచ్చినాడు. అయితే ఆయన ఇచ్చినది కంచెకు సున్నం వేయించిన టామ్‌ను మాత్రమే కాదు. తెప్పమీద స్వేచ్ఛను వెదకిన జిమ్‌ను కూడా. పాఠశాలలో టామ్ సాయర్ కథ చెప్పి పిల్లలను నవ్వించిన ఉపాధ్యాయుడు, కొంచెం ఎదిగిన తరువాత వారికి హక్, జిమ్ ల కథ కూడా చెప్పవలెను. అప్పుడే మిసిసిపీ రెండు ఒడ్డులూ వారికి కనబడగలవు.