వ్రాతకాగితము - ప్రపంచపు తగ్గుదల, మన అక్కర

ప్రపంచమందలి కాగితపు మిల్లుల యజమానులు నేడు ఒక కంట కన్నీరును, ఒక కంట ఆనందమును చూపుచున్నారు. అచ్చుకాగితమును, వ్రాతకాగితమును కొనువారు తగ్గిపోయిరని వాపోవుచునే, సరకులు కట్టు అట్టపెట్టెలకు గిరాకి పెరిగినదని సంతోషించుచున్నారు. ఇది ఎచ్చటనో అమెరికాలోను, ఫిన్లండులోను జరుగుచున్న వర్తకవిషయమనియు, మద్దికెర వంటి యూరికి దీనితో పనిలేదనియు తలచువారు కలరు. ఆ తలంపు సరికాదు. బడులు తెరచు జూన్ మాసమున మద్దికెర యంగడిలో బాలుడు కొను నోటుపుస్తకపు వెల, దూరదేశమున ఏ యంత్రము ఆగిపోయినది, ఏ యంత్రము అట్టల తయారీకి మరలింపబడినది యనుదానిపై గూడ ఆధారపడియున్నది. కావున ఈ విషయమును పాఠకుల యెదుట కొంత విపులముగ నుంచుచున్నాము.

ప్రపంచమందు ఏటేట తయారగు కాగితము, అట్ట కలిపి సుమారు 40 కోట్ల టన్నులు. ఇందు సగమునకు మించి పెట్టెలకును, పొట్లములకును పోవుచున్నది. అచ్చు, వ్రాతకాగితముల వాడుక పాశ్చాత్యదేశములలో ఈ శతాబ్దారంభమున నిలకడకు వచ్చి, 2008 నాటి ఆర్థికసంక్షోభము పిదప వేగముగ దిగజారినది. ఉత్తరములు, బ్యాంకు లెక్కలు, వర్తకుల జాబితాలు, తుదకు వార్తాపత్రికలు గూడ చేతిలోని ఫోనులోనికి చేరినవి. 2020లో కరోనా మహమ్మారి కార్యాలయములను, పాఠశాలలను మూయించి ఈ దిగజారుడును మరింత త్వరపెట్టినది. ఈలోగా ఉత్పత్తియందలి పెద్దరికము ఖండము మారినది. 2009 నాటికే చైనా అమెరికాను మించిపోయి, ఇప్పుడు ఏటికి 10 కోట్ల టన్నులకు పైగా తయారుచేయుచున్నది.

గిరాకి తగ్గినచో వెల తగ్గవలెను గదా యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. అట్లు జరుగలేదు. కొనువారు తగ్గగనే మిల్లులు యంత్రములను మూసివేసినవి. లేదా అట్టల తయారీకి మార్చివేసినవి. మిగిలిన యంత్రములు ఉన్న గిరాకికి సరిగా సరిపోవునంతయే. అందువలన ఎచ్చట ఏ చిన్న విఘాతము కలిగినను వెల ఒక్కసారిగా పైకెగయుచున్నది. 2022 ఆరంభమున ఫిన్లండులోని పెద్ద మిల్లులలో నెలల తరబడి సమ్మె సాగినది. ఆ ఫిబ్రవరిలోనే యుక్రెయిను యుద్ధము మొదలై, రష్యానుండి మన దేశమునకు వచ్చు పత్రికాకాగితమునకు అడ్డుతగిలినది. ఓడకేవులు అంతకుముందే పెరిగియున్నవి. ఆ మార్చినెలలో శ్రీలంకయందు కాగితమును దిగుమతి చేసికొనుటకు డాలర్లు లేక పశ్చిమరాష్ట్రపు బడులలో పరీక్షలు వాయిదాపడినవి. ప్రపంచమున కాగితము లేక కాదు. కొనుటకు పరదేశపు ద్రవ్యము లేక ఒక దేశము తన బిడ్డలకు పరీక్ష పెట్టజాలకపోయినది. స్వదేశి యను మాటకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము కావలయునా?

పరాయిచేతి కాగితము ఎంతటి బంధనమో పత్రికలవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున కాగితపు నియంత్రణమువలన పత్రికలు పుటలు కుదించుకొనవలసివచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1955లో నేపానగరమున పత్రికాకాగితపు మిల్లు ఉత్పత్తి ఆరంభించినను కొరత తీరలేదు. దిగుమతి కాగితమును పంచునెపమున ప్రభుత్వము పత్రికలకు 10 పుటల పరిమితి విధించగా, 1972లో సుప్రీంకోర్టు బెనెట్ కోల్మన్ వ్యాజ్యమున ఆ పరిమితిని కొట్టివేసినది. కాగితమును అదుపుచేయుట భావప్రకటనను అదుపుచేయుటయే యగునను సూత్రము నాడు స్థిరపడినది. వార్తాపత్రికకు వర్తించిన ఈ సూత్రము బాలుని పలకకు, పుస్తకమునకు వర్తింపదా?

ఇక మన స్థితి. ప్రపంచమున తలకొక్కింటికి సగటున ఏటికి సుమారు 55 కిలోల కాగితము ఖర్చగుచుండగా, భారతదేశమున అది సుమారు 15 కిలోలు. 2011 జనాభా లెక్కలనాటికి కర్నూలు జిల్లాలో నూటికి 60 మందియే అక్షరాస్యులు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమునుండి వానలు తప్పిన యేడు కుటుంబములు మూటాముల్లె కట్టుకొని గుంటూరు మిరపచేలకు వలసపోవుచున్నవి. వారి వెంట బిడ్డలును పోవుచున్నారు. బడిపుస్తకము ఇంటి గూటిలో మిగిలిపోవుచున్నది. చదివి చదివి కాగితమును విడిచిన దేశములకును, కాగితము చేతికి పూర్తిగా రాని మన పల్లెలకును ఒకే కొలత పనికిరాదు. వారిది భోజనానంతరము విస్తరి మడుచుట; మనది ఇంకను విస్తరి వేయని పంక్తి.

తెలుగుదేశమున మిల్లులు లేకపోలేదు. రాజమహేంద్రవరపు మిల్లు 2011లో అమెరికా వారి ఇంటర్నేషనల్ పేపర్ సంస్థ వశమై, 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ చేతికి వచ్చి మరల దేశీయమైనది. తన పేరు ఊరికిచ్చిన కాగజ్‌నగరపు సిర్పూరు మిల్లు 2014లో మూతపడి, 2018లో జె.కె. పేపర్ సంస్థ కొనగా తిరిగి తెరవబడినది. భద్రాచలము చెంత సారపాకలో ఐ.టి.సి. మిల్లు కలదు. మన జిల్లాలోనే తుంగభద్రాతీరమున గొందిపర్లయందు రాయలసీమ పేపర్ మిల్లు ఉండెడిది, అది మూతపడినది. ఇవి యన్నియు నీటి యొద్దనే వెలయుటకు కారణము కలదు. గుజ్జు చేయుటకు, కడుగుటకు, తెలుపుచేయుటకు నీరు విస్తారముగ కావలెను. త్రాగునీటికే తడుముకొను మద్దికెరకు మిల్లు కావలెనని మేము కోరుట లేదు.

కాని రైతునకు ఇందు పాత్ర కలదు. మన మిల్లులు అడవి వెదురును విడిచి, రైతుల పొలములలోని సుబాబులు, సరుగుడు, జామాయిలు కర్రపై ఆధారపడి చాలకాలమైనది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు సుబాబులు వేసి, నరుకుడు వేళకు ధర పడిపోగా, ప్రకటించిన ధర చేతికందలేదని పలుమార్లు మొరపెట్టుకొనిరి. ఏడాది పంటలో నష్టపడినవాడు మరుసటి యేడు పంట మార్చుకొనగలడు; మూడునాలుగేండ్లు భూమిని కట్టిపెట్టినవానికి ఆ వీలులేదు. కావున వ్రాతపూర్వకమైన ధర ఒప్పందము లేక కర్రతోట వేయవలదని మన భూస్వాములకు మా హితవు. మన నల్లరేగళ్ళ సొత్తు ప్రత్తి. పూర్వము యూరపునందు కాగితము ప్రాతగుడ్డల పేలికలతోనే తయారయ్యెడిది. నేటికిని మన రూపాయనోటు కాగితము ప్రత్తితో చేయబడుచున్నది. ఆదోని మిల్లులలో గింజకు అంటియుండు పొట్టినూగు సయితము మేలిరకపు కాగితమునకు ముడిసరకే. చేలలో తగులబెట్టు ప్రత్తికట్టెనుండియు గుజ్జు తీయవచ్చును. దానిని చౌకగా ప్రోగుచేయు మార్గమే ఆలోచింపవలెను.

పన్నుల విషయము తుదకు చెప్పుచున్నను ముఖ్యమైనది. 2025 సెప్టెంబరు 22 నుండి నోటుపుస్తకములకు, వానికి వాడు కాగితమునకు జి.ఎస్.టి. తొలగింపబడినది. ఇది మెచ్చదగినది. కాని అదే దినమున తక్కిన అచ్చు, వ్రాతకాగితములపై పన్ను నూటికి 12 నుండి 18కి పెరిగినది. అచ్చయిన పుస్తకముపై పన్నులేదు గనుక, ప్రచురణకర్త కాగితముపై చెల్లించిన పన్ను తిరిగిరాదు. అది పుస్తకపు వెలలోనే కలియును. వ్రాసికొను బాలునకు కన్సెషను, చదువుకొను బాలునకు సుంకము - ఇదెక్కడి న్యాయము? ఉభయమునకు ఒకే రీతి మినహాయింపు వర్తింపజేయుట ప్రభుత్వధర్మము.

మనవంతు కర్తవ్యమును కలదు. దేశపు మిల్లులలో అధికభాగము చిత్తుకాగితముతో నడచుచున్నవి. ఆ చిత్తునే మనము ఓడలపై పరదేశములనుండి తెప్పించుకొనుచు, మన యింటి చిత్తును దిబ్బలపై తగులబెట్టుచున్నాము. మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు పంచాయతీలును పురపాలకసంఘములును బడులనుండి, కచేరీలనుండి తడియని చిత్తుకాగితమును వేరుగా సేకరించి విక్రయించి, వచ్చిన సొమ్ముతో వలసకుటుంబముల బిడ్డలకు నోటుపుస్తకములు కొనియిచ్చినచో కొంత మేలు. ప్రపంచమునకు కాగితపు టాకలి తీరియుండవచ్చును. మన పల్లెలకు తీరలేదు. ఈ భేదమును గుర్తించినగాని పాలకుల లెక్కలు సరికావు.